సంచీ మోసిన మనిషి చెప్పింది

వాళ్ళ బూట్ల అంచుల్లో ఇషాషా దుమ్ము ఇంకా ఉంది,
అత్తి కొమ్మ మీద కాళ్ళు వేలాడేసుకుని
నిద్రపోతున్న సింహాన్ని చూసొచ్చిన దుమ్ము.
నిన్నటి గడ్డి మైదానాన్ని అలాగే మోసుకొచ్చి
మా మబ్బు కొండ ముందు నిలబడతారు.
గేటు దగ్గర మందునీళ్ళ పళ్ళెంలో
ఆ ఎండ దేశమంతా కడిగించి
అప్పుడు లోపలికి రానిస్తాం.

నా పేరు క్యరిసీమా.
ఈ పూటకి మీ సంచీ నాది.
పైన నీళ్ళు, అడుగున వాన కోటు,
మధ్యలో ఎవరూ తినని బిస్కెట్లు.
వీపుకి అన్నీ తెలుస్తాయి.

ఇవాళ నా వంతుకి వచ్చింది ఒక ముసలాయన.
మోకాళ్ళు మాట వినడం లేదు.
ప్రతి వేరు దగ్గరా "ఇంకెంత దూరం" అంటాడు.
"అదిగో, ఆ మలుపే" అంటాడు గైడు తుర్యహబ్వే.
తొమ్మిదేళ్ళుగా ఇదే మలుపు చూపిస్తున్నాడు,
ఇంతవరకూ ఎవరూ దాన్ని చేరలేదు.
నేను వెనకనుంచి నడుం పట్టి నెడతాను,
ముందునుంచి అడవి తోసేస్తుంది.
మా ఇద్దరి మధ్యా ఆయన.

మా నాన్న చీకటుండగానే వెళ్ళిపోయాడు
రాత్రి అవి పడుకున్న ఆకుల పక్కలు వెతుక్కుంటూ.
పేడ ఇంకా వెచ్చగా ఉందా,
విరిచిన కాడ తడారిందా,
చూసి వాకీటాకీలో చెబుతాడు.
మాటకన్నా గరగర ఎక్కువ.
ఆ గరగరని బట్టే నాకు తెలుస్తుంది
గుంపు దిగువకి మళ్ళిందనీ
ఆయన పొద్దున్న టీ తాగలేదనీ.

దగ్గరికొచ్చాక మేం ఆగిపోవాలి.
కర్రలూ సంచీలూ మా కాళ్ళ దగ్గర పడేసి
ముక్కుకి గుడ్డలు కట్టుకుని వాళ్ళు వెళ్తారు.
ఒక గంట. తుర్యహబ్వే గడియారంలో గంట.
అంత దూరంనుంచి వచ్చి చూసేదాన్ని
ఇక్కడే పుట్టిన మేం చూడం.
సంచీలకి కాపలా కాస్తూ
కొమ్మలు విరిగే చప్పుడు వింటాం.

ఇవాళ మాత్రం
ఆ గంట దారి తప్పి మా వైపు వచ్చింది.
దురదగొండి పొద కదిలింది.
ముందు ఒక భుజం,
ఆ భుజం మీద వేలెడంత కళ్ళతో ఒక పిల్ల,
తర్వాత తల్లి.
ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.
ముళ్ళ కాడని చంకలో బిగించి
కుడిచేత్తో పైతోలు వలిచింది,
తొందర లేకుండా, మా అమ్మ అరటిదుంప చెక్కినట్టు.

వెనకే నాన్న.
గొంతులో రెండుసార్లు మెత్తగా దగ్గాడు,
నేనే, భయపడకు, అని.
అది తల తిప్పలేదు. ఆయనా దాన్ని చూడలేదు.
ఏడు మీటర్లు వదలాలి, అది నియమం.
నాన్న పన్నెండు వదిలాడు.

చిన్న జింక కోసం వేసిన ఉచ్చు అది.
నాకప్పుడు పాలపళ్ళు కూడా రాలేదు,
ఇంట్లో నాలుగు నెలలుగా మాంసం లేదు.
తీగ కొనే డబ్బుల్లేక
సైకిలు బ్రేకు తీగ ఊడదీశాడు.

తిరుగుదారిలో ముసలాయన అడిగాడు,
"పాపం, దానికా చెయ్యేమైంది?"
"ఉచ్చు" అన్నాడు తుర్యహబ్వే, ఇంగ్లీషులో.
నాన్నకి ఇంగ్లీషు రాదు.
ఆ ఒక్క మాట వచ్చు.
వంగి, తాళ్ళు లేని గంబూటుకి
ఏదో ముడి సరిచేసుకున్నాడు.

కిందికి దిగాక ముసలాయన
నా రెండు చేతులూ పట్టుకున్నాడు.
నోటు మడిచి పెట్టాడు, బిస్కెట్లు కూడా.

అలాంటి నోట్లతోనే రెండేళ్ళ కింద
బుటొగోటా సంతలో కొత్త బ్రేకు తీగ కొన్నాను.
గోడ మేకుకి చుట్టగా వేలాడుతోంది,
కాగితం కూడా విప్పలేదు.
పొద్దుపోయాక వాలులో వినిపిస్తుంది,
నాన్న సైకిలు.
మడమ నేలకి రాస్తూ, రాస్తూ,
మా గుమ్మం దాటి కొంచెం ముందుకు పోయి
ఆగుతుంది.